ఫ్రేము కింద రాసిన టైము

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు పాలు వచ్చాయి. గేటు చప్పుడుకి లేచి, గిన్నె తీసుకెళ్ళి పాలు పోయించుకుని, వంటింట్లో పెట్టాను. తర్వాత ముందుగదిలోకి వచ్చి నా భార్య వసుంధరని లేపబోయాను. చెయ్యి చల్లగా తగిలింది. దవడ బిగుసుకుపోయి ఉంది. ఆమె పోయి అప్పటికే చాలాసేపయిందని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

దయ్యాల మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. బాపట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్ళు పనిచేశాను. అచ్చులో ఉన్నంత మాత్రాన ఏదీ నిజం కాదని ఆ ఉద్యోగమే నేర్పింది. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. ఈ మాట ఇప్పటికీ అంటాను. అయినా జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

వసుంధరకి గుండె కవాటం చెడిపోయింది. ఆపరేషన్‌కి తట్టుకోదని డాక్టర్లు తేల్చేశారు. ఆఖరి నెలరోజులూ ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. దాహమన్నా, ఆయాసమన్నా లేచేవాణ్ణి. ఆ రాత్రి పన్నెండు దాకా మెలకువగా ఉన్నట్టు గుర్తు. తర్వాత నిద్రపోయాను. అంతే.

జనం వచ్చారు. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని అడిగారు. అందరికంటే ముందు అత్తయ్య అడిగింది. వసుంధర తల్లి. నాకు స్వయానా మేనత్త. మామయ్య పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. నా రెండు చేతులూ పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నేను నిద్రపోతుంటే నీ కూతురు పోయిందని ఆ ముఖానికి చెప్పలేకపోయాను.

"పాలు వచ్చినప్పుడు ఊపిరి ఉందత్తా. గిన్నె లోపల పెట్టి వచ్చి చెయ్యి పట్టుకున్నాను. నా చేతిలోనే పోయింది" అన్నాను.

"పోన్లే శేషూ, నువ్వు పక్కనున్నావు. అది ఒంటరిగా పోలేదు. నాకదే చాలు" అంది.

ఆ అబద్ధం ఎంత దూరం వెళ్తుందో గంటలో తెలిసింది. పురోహితుడు పంచాంగం తెరిచి, పోయిన టైము అడిగాడు. ఆరూ ఇరవై తర్వాత అని నేను చెప్పేలోపే అక్కడున్నవాళ్ళు చెప్పేశారు. శ్రవణా నక్షత్రం తెల్లవారుజామున నాలుగు గంటల ఐదు నిమిషాలకే వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ధనిష్ఠ. ధనిష్ఠలో ఎవరైనా పోతే, ఆ ఇంటిని ఆరు నెలలు వదిలెయ్యాలి. తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా వెళ్ళిపోవాలి. లేకపోతే ఆ ఇంట్లో మరో ప్రాణం పోతుందని మావైపు గట్టి నమ్మకం.

నాకు ఆ నమ్మకం లేదు. అత్తయ్యకి ఉంది. వీధి మొత్తానికీ ఉంది. పెట్టెలు సర్దుకుంటున్నామా లేదా అని పక్కింటివాళ్ళు రోజూ తొంగి చూసేవాళ్ళు. నాలుగు గంటలకి ముందే పోయిందని నేను ఒక్క మాట అంటే ఇల్లు దక్కేది. ఆ ఒక్క మాట అంటే అత్తయ్యకి మిగిలిన ఊరట పోయేది. పన్నెండో రోజు కార్యక్రమం అయ్యేదాకా ఈ రెండిటి మధ్యా తిరిగాను. పదమూడో రోజు నా చేతులతో నేనే తాళం వేశాను.

కాలేజీకి సెలవు పెట్టి అద్దె ఇల్లు వెతికాను. సొంత ఇల్లుండగా అద్దెకెందుకని ప్రతివాళ్ళూ అడిగారు. కారణం చెప్పగానే ఖాళీ పోర్షను అప్పుడే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొచ్చేది వాళ్ళకి.

వసుంధర తమ్ముడు రామకృష్ణ రేపల్లెలో యాత్రల వ్యాను నడిపేవాడు. వెనక సీట్లు తీసేసి రెండు పక్కలా పడకలు బిగించాడు. గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, కిటికీలకి తెరలు. పార్టీలు వారాల తరబడి అందులోనే వండుకుని, తిని, పడుకుని ఊళ్ళు తిరిగేవి. అది యాత్రల సీజను కాదు. వ్యాను ఖాళీగా ఉంది. రామకృష్ణ ఇల్లు ఒకటే గది. అందులో అతని అత్తమామలు కూడా ఉండేవాళ్ళు.

"మా ఆవిడ మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వదు బావా. నన్నే రోజూ తొక్కనివ్వదు" అన్నాడు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "ఎక్కమ్మా. ఈ బండి శబరిమల పదకొండుసార్లు చూసింది. మన వంశంలో ఇంత పుణ్యం చేసుకున్న మనిషి లేడు" అన్నాడు.

"పుణ్యం సరేరా, మెట్టేదీ?" అంది అత్తయ్య.

మెట్టు ఎత్తుగా ఉండేది. ఆవిడకి మోకాళ్ళు వంగవు. బకెట్టు బోర్లించి, దాని మీద నిలబెట్టి, నేను కింద నుంచి, రామకృష్ణ పైనుంచి పట్టుకునేవాళ్ళం. దిగేటప్పుడూ అంతే. డెబ్బై అయిదేళ్ళ మనిషిని మూటలా ఎక్కించి దించేవాళ్ళం.

బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళాం. కృష్ణ ఒడ్డున పెనుమూడి రేవులో నాలుగు రోజులున్నాం. అక్కణ్ణుంచి భట్టిప్రోలు వచ్చి కాలవగట్టు మీద ఆపుకున్నాం. ఎవరైనా అడిగితే యాత్రకి బయల్దేరామని రామకృష్ణ చెప్పేవాడు. వాళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు. తెల్లారకముందే లేచి, వ్యాను తలుపుకీ ఒక కర్రకీ చీర కట్టి, ఆ చాటున అత్తయ్యకి స్నానానికి నీళ్ళు పెట్టేవాణ్ణి. చీర చాటు నుంచి ఆవిడ ఏడుపు వినబడేది. నీళ్ళ చప్పుడు ఆగగానే ఏడుపూ ఆగేది.

పొద్దున్నే ఒకటే ప్రశ్న. "ఇవాళ ఎన్నో రోజు?"

చెప్పేవాణ్ణి.

"ఆరు నెలలు నేనుంటానట్రా? రోడ్డు మీద పోతాను శేషూ. నన్ను నా ఇంట్లో పోనివ్వండిరా."

ఇది విన్న ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ఆ వెంటనే, "అయినా దాని పక్కన నువ్వున్నావు, అంతే చాలు" అనేది ఆవిడ. నేను నోరు మూసుకునేవాణ్ణి.

నెల తిరిగాక పెట్టే మాసికం దగ్గర పడింది. ఫోటో లేకుండా మాసికం ఏంటని అత్తయ్య పట్టుబట్టింది. వసుంధరకి విడిగా తీసిన ఫోటో లేదు. పన్నెండేళ్ళ కిందట ఎవరిదో పెళ్ళిలో తీసింది ఒకటి దొరికింది. దాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాలి. తెనాలి బజార్లో తనకి తెలిసిన మనిషి ఉన్నాడన్నాడు రామకృష్ణ. వ్యాను మీద అక్షరాలు రాసింది అతనేనట. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డుల పని పడిపోయి ఫోటోలకి ఫ్రేములు కడుతున్నాడు. పేరూ తేదీలూ ఫ్రేము అడుగున తనే రాస్తాడు.

తెనాలి స్టేషను నేను రైలు కిటికీలోంచి వందసార్లు చూసి ఉంటాను. ఊళ్ళోకి వెళ్ళడం అదే మొదటిసారి. వ్యాను కాలవ పక్కన ఆపి, అత్తయ్యని రామకృష్ణకి అప్పజెప్పి, నేనొక్కణ్ణే వంతెన దాటి బజార్లోకి నడిచాను. సాయంత్రం అయిదు దాటింది.

అంత సందడి నేను ఊహించలేదు. నడిచేవాళ్ళకి దారివ్వకుండా సైకిళ్ళు, సైకిళ్ళకి దారివ్వకుండా రిక్షాలు. బట్టల కొట్టు మెట్ల మీద నిలబడి ఒకతను చీరల పేర్లు పాటలా చదువుతున్నాడు. బజ్జీల బండి దగ్గర జనం, కాలేజీ పిల్లలు, పూలమ్మేవాళ్ళు, సినిమా బండి మైకు. ఒకావిడ గాజులు బేరమాడుతూ, "ఇంకో డజను ఊరికే ఇవ్వవయ్యా, నీ సొమ్మేం పోయింది?" అంటోంది. "నా సొమ్మే కదమ్మా పోయేది" అంటున్నాడు కొట్టతను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను పక్కకి తప్పుకుని నిలబడ్డాను.

వసుంధరకి ఈ బజారు బాగా తెలుసు. తమ్ముడితో ఏటా ఒకసారి వచ్చేది. నన్ను కూడా రమ్మనేది. నాకు ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం మధ్యలో ఉండేది.

ఫ్రేముల కొట్టు సందు మొదట్లోనే ఉంది. మూడు మెట్లెక్కాలి. గోడ నిండా పోయినవాళ్ళ ఫోటోలు. కొట్టతనికి యాభై దాటి ఉంటాయి, గోళ్ళలో తెల్లరంగు. ఫోటో చూపించాను. ఏం రాయాలో కాయితం మీద పెన్నుతో రాసిచ్చాను. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. టైము రాయలేదు. ఈ సంగతి నాకు ఖాయంగా గుర్తుంది, ఎందుకంటే, "చాలామంది టైము కూడా వేయిస్తారండి, తిథులకి పనికొస్తుందని. వెయ్యమంటారా?" అని అతను అడిగాడు. వద్దన్నాను.

నేను మెట్లు దిగబోతుండగా అతను నా భుజం మీదుగా చూసి, "పైకి రండమ్మా, అక్కడ ఎండ పడుతోంది" అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీద బోలెడుమంది ఆడవాళ్ళున్నారు. ఎవరో బేరం వచ్చి ఉంటుందనుకుని వెళ్ళిపోయాను.

మర్నాడు మళ్ళీ అదే వేళకి వెళ్ళాను. ఫ్రేము సిద్ధంగా ఉంది. నల్ల చెక్క ఫ్రేము, అడుగుపట్టీ మీద తెల్లరంగుతో గుండ్రటి అక్షరాలు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. తేదీ పక్కన, తెల్లవారుజాము 3-40.

ఆ అంకెలు రెండుసార్లు చదువుకున్నాను.

"అక్షరాలు నచ్చలేదాండి?" అన్నాడు.

"ఈ టైము ఎవరు చెప్పారు?"

"మీతో వచ్చినావిడేనండి."

"నాతో ఎవరూ రాలేదు."

"అదేంటండి, మీ వెనకాలే మెట్ల మీద నిలబడ్డారుగా. మీరు దిగాక పైకొచ్చారు. టైము మర్చిపోయారు, మూడూ నలభై అని వెయ్యమన్నారు. ఫోటోలో ఆవిడకి అక్కగారేమో అనుకున్నానండి. పోలికలున్నాయి. పాపం ఆయాసంతో ఉన్నారు, రెండు మాటలకోసారి ఆగుతున్నారు. మంచినీళ్ళిస్తే వద్దన్నారు."

నేను రాసిచ్చిన కాయితం తీసి చూపించాడు. పైన నా పెన్ను రాత. కింద అతని పెన్సిలుతో 3-40.

వేరేవాళ్ళ టైము పొరపాటున ఇందులో రాశావేమో అని అడిగాను. అతనికి కోపం వచ్చింది. ముందురోజు వచ్చిన పని నాదీ, ఇంకో ముసలాయనదీ రెండేనని పుస్తకం తీసి చూపించాడు. ఆ ముసలాయన పోయింది మధ్యాహ్నం.

నాకు అప్పుడు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే దొరికిపోయినట్టనిపించింది. మూడూ నలభై అంటే శ్రవణం. ఆ ఫ్రేము తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెడితే ఆవిడ ఆ రాత్రే తన ఇంట్లో పడుకోవచ్చు. నేను ఆ పని చెయ్యలేదు. టైము చెరిపెయ్యమన్నాను.

"గీకితే మచ్చ పడిపోద్దండి. పైన నల్లరంగు వేస్తాను. గంటసేపు ఆరనివ్వండి."

గంట ఆగలేదు. కాయితంలో చుట్టించుకుని బయల్దేరాను. బజారు నిన్నటిలాగే ఉంది. వంతెన దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరూ ఉండరని తెలుసు. అయినా చూడలేదు.

వ్యానులో అత్తయ్య పడక మీద కూర్చుని ఉంది. రామకృష్ణ పొయ్యి మీద టీ పెడుతున్నాడు. ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కూతురి ముఖం తడిమింది. ఆవిడకి చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా పేరు?" అంటూ అటునుంచి ఇటు జరిపింది. పట్టీ చివరికి వచ్చేసరికి వేలికి నల్లరంగు అంటుకుంది.

వేలు చూసుకుంది. నన్ను చూసింది.

"ఇక్కడేదో ఉంటే చెరిపించావు."

కొట్టతను చెప్పిందంతా చెప్పేశాను. ఆరూ ఇరవై అబద్ధమనీ, నేను నిద్రపోయాననీ, లేచేసరికే చల్లబడి ఉందనీ చెప్పాను. మాటలు వరసగా వచ్చేశాయి. అనుకున్నంత కష్టమేమీ కాలేదు.

మొదట మాట్లాడింది రామకృష్ణ. "మూడూ నలభై అంటే నాలుగూ అయిదుకి ముందేగా! అయితే శ్రవణమేగా బావా! ధనిష్ఠే కాదు!" టీ గిన్నె దించేశాడు. "అమ్మా, ఇంటికెళ్ళిపోవచ్చే! తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఇప్పుడు బయల్దేరితే అన్నం వేళకి బాపట్లలో ఉంటాం." అతని ముఖంలో నెలరోజుల తర్వాత మొదటిసారి వెలుగు చూశాను. చెల్లుతుందో లేదో పురోహితుణ్ణి అడగాలన్న ఆలోచన కూడా రాలేదు మా ఇద్దరికీ.

అత్తయ్య కదల్లేదు.

"మూడున్నరకి వెళ్ళే రైలు కూసింది," అంది నెమ్మదిగా. "అది వెళ్ళిన కాసేపటికి పిలిచింది."

"ఎవరు?" అన్నాను.

"నా కూతురు. 'బావా' అంది. కాసేపాగి మళ్ళీ 'బావా' అంది. లోపలి గదిలో నేను మెలకువగానే ఉన్నాను. శేషు పక్కనే ఉన్నాడుగా, లేస్తాడులే అనుకున్నాను. నా మోకాళ్ళతో లేవాలంటే పావుగంట పడుతుంది. మూడోసారి పిలవలేదు. లేచావనుకున్నాను."

రామకృష్ణ వంగి పొయ్యి ఆపేశాడు.

నెలరోజులుగా 'నువ్వు పక్కనున్నావు' అని ఆవిడ ఎవరికి చెప్పుకుంటోందో అప్పుడు అర్థమయింది. నా అబద్ధం మీద నేనొక్కణ్ణే నిలబడలేదు.

టీ గ్లాసు తల్లి చేతికిచ్చి, "వెళ్దామా అమ్మా?" అన్నాడు రామకృష్ణ.

"నేను రాను."

"దోషం లేదుగా అమ్మా ఇప్పుడు."

"ఆ ఇంటికి నేను రాన్రా." కాలవ అవతల బజారు వైపు చూసింది. మైకులు, హారన్లు, మనుషుల అరుపులు కలిసి ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. "ఇక్కడే ఏదైనా గది చూడండి. ఆ గోలలో. అక్కడైతే ఎవరు పిలిచినా వినపడదు."

అదే జరిగింది. బజారు వెనక సందులో మేడ మీద రెండు గదులు దొరికాయి. దోషం లేదని చెప్పాక ఇవ్వడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను రిటైరయ్యేదాకా రోజూ రైల్లో బాపట్ల వెళ్ళొచ్చాను. బాపట్ల ఇల్లు తర్వాత అమ్మేశాం. తాళం తీయడానికి రామకృష్ణే వెళ్ళాడు.

నేను వెతకని కారణం లేదు. రామకృష్ణ ముందే వచ్చి చెప్పి ఉంటాడా అని ఒట్టు వేయించుకుని అడిగాను. ఆ సాయంత్రం తల్లిని వదిలి కదల్లేదన్నాడు. అత్తయ్య కూడా అదే చెప్పింది. నేనే తెలియక అనేశానేమో అనుకోవడానికి, ఆ టైము నాకే తెలియదు. తెలిసిన మనిషి ఒక్కరే. ఆవిడ వ్యానులో ఉంది, బకెట్టు బోర్లించి ఇద్దరం పట్టుకుంటే గాని దిగలేదు. పైగా ఆవిడ విన్నది రైలు కూతే. నలభై అన్న లెక్క ఆవిడకీ తెలియదు.

కొట్టతన్ని ఆ తర్వాత చాలాసార్లు కలిశాను. ఒకే వీధి కదా. అడిగినప్పుడల్లా అదే చెప్పాడు. ఒక మాట పెంచలేదు, ఒక మాట తగ్గించలేదు. వసుంధర ఆఖరి రోజుల్లో తీసిన ఫోటో ఏదైనా ఉంటే చూపించమన్నాడు. లేదు. అందుకని అతను చూసిన మనిషి ఎవరో తేల్చడానికి దారి లేకుండా పోయింది.

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. వచ్చింది ఆమే అయితే ఎందుకు వచ్చినట్టు? తల్లిని ఇంటికి చేర్చడానికా, నన్ను పట్టివ్వడానికా? మొదటిదే అనుకోవాలని ఉంటుంది. ఆమె స్వభావం అలాంటిది. కానీ తల్లి ఇంటికి చేరలేదు.

అత్తయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆవిడ లోపలి గదిలో, నేను బయటి గదిలో పడుకుంటాం. మధ్య తలుపు తీసే ఉంటుంది. కింద రోడ్డు తెల్లవార్లూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. పొద్దున్నే కాఫీ నేనే కలుపుతాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తాగుతాం. కూరల సంగతి, ఎండల సంగతి మాట్లాడుకుంటాం. రాత్రి నిద్ర పట్టిందా అని మాత్రం ఒకరినొకరం అడగడం మానేశాం.